గుంట మీద బొంత

వకుళ చేసే ఉద్యోగం ఏమిటో ఆమె మేనత్త సత్యవేణికి ఎన్నిసార్లు చెప్పినా ఒకటే అర్థమైంది. ఆకాశంలో ముక్కు పెట్టి ఊళ్ళోవాళ్ళ కంపు చూడటం.

"దానికి జీతం కూడా ఇత్తారంటే?" అని ఆవిడ ప్రతిసారీ ఆశ్చర్యపోయేది.

నిజానికి అంతకన్నా తేలిగ్గా చెప్పడం ఎవరి తరమూ కాదు. విశాఖలో సముద్రానికి ఎదురుగా కొండ మీద మూడంతస్తుల భవనం. అందులో పద్దెనిమిది మంది పొద్దుటినుంచి సాయంత్రం దాకా తెరల ముందు కూర్చుని, కంటికి కనిపించని పొగల్ని వెతుకుతారు. మీథేనుకి రంగు లేదు, వాసన లేదు. కానీ సూర్యుడి వెలుతురు నేల మీద పడి తిరిగి పైకి పోయేటప్పుడు అందులోంచి ఒక వన్నెని అది మింగేస్తుంది. ఎంత వెలుతురు తగ్గిందో చూసి, ఎంత గ్యాసు ఉందో పైనున్న ఉపగ్రహం లెక్కగట్టి పంపుతుంది. తెర మీద ఎర్రటి మరక, గాలివాటుకి దానికొక తోక. ఆ తోక ఎక్కడ మొదలైందో చూసి, ఇది ఫలానా ఫ్యాక్టరీదని చెప్పడం వకుళ పని. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరినట్టే ఉంటుంది. నడుం లాగుతుంది, కళ్ళు మండుతాయి, ఒక్క రాయి వదిలేసినా పంటి కిందకి వస్తుంది.

పాత ఉపగ్రహాలకి పెద్ద పెద్ద చమురు బావులే కనిపించేవి. కిందటేడు తొమ్మిది కొత్తవాటిని పంపారు. ఒక్కొక్కటీ బీరువా అంతే ఉంటుంది. చిన్న మిల్లు వెనకాల ఉన్న మురుగుగుంటని కూడా పసిగట్టేస్తాయి. కాగితాల్లో వాటికి పొడుగాటి పేరుంది గానీ కేంద్రంలో ఆడవాళ్ళంతా 'ముక్కుపుడకలు' అంటారు. వాటితోపాటే ఒక చట్టం కూడా వచ్చింది. హద్దు దాటిన ఫ్యాక్టరీకి నోటీసు వెళ్తుంది. ఇరవై రెండు రోజుల తర్వాత ముక్కుపుడక మళ్ళీ అదే చోటికి వచ్చి చూస్తుంది. అప్పటికీ ఎరుపే ఉంటే రెండు రోజుల గడువు. ఆ తర్వాత ఎవరి ప్రమేయమూ లేకుండా కంప్యూటరే కరెంటు ఆఫీసుకి చెప్పేస్తుంది, మిల్లుకి కరెంటు పోతుంది.

ఆ మంగళవారం వకుళ తెర మీద పడిన మరక చాలా చిన్నది. దాని తోక పట్టుకుని వెనక్కి వెళ్ళింది. ఏలేరు కాలవ, దాని వంపు, మిల్లులకి పోయే మట్టిరోడ్డు, పక్కన తెల్లగా మెరిసే కళ్ళం. అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ కళ్ళంలో ఆమె చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడింది. అది పెద్దాపురం అవతల సత్యవేణి సగ్గుబియ్యం మిల్లు. తల్లి పోయాక తొమ్మిదో ఏట నుంచి వకుళని పెంచింది మేనత్తే. కర్రపెండలం దుంపలు కడిగి, చెక్కు తీసి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలు తేరాక పిండిని పూసలు కట్టి, పెనాల మీద వేయించి, ఎండబెట్టి అమ్మే మిల్లు. నలభై రెండు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. దుంపలు కడిగిన నీళ్ళన్నీ వెనకాల గుంటలోకి పోతాయి. ఆ పులిసిన వాసన పీలుస్తూనే వకుళ పదో తరగతి చదివింది. తెర మీద ఎరుపు చూడగానే ఆ వాసన ముక్కుకి కొట్టింది.

పక్క కుర్చీలోని జోసెఫ్ తొంగిచూశాడు. యాభై దాటిన మనిషి, మెత్తని గుండె.

"పెద్దాపురం అంటే మీ ఊరే కదండీ?"

"మా అత్త మిల్లు."

ఆయన గొంతు తగ్గించాడు. "గాలి ఎక్కువగా ఉందని రాసి పక్కన పడేయండి. వాయిదా పడుతుంది. ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు జోసెఫ్ గారూ. మా అత్త తప్ప."

సంతకం పెట్టింది. ఈ ఏడాదిలో అది రెండువందల పన్నెండోది. మిగతా రెండువందల పదకొండింట్లో ఒక్కదాని వెనకాలైనా ఎవరున్నారో ఆమెకి తెలియదు. తర్వాత లేచి, పై అంతస్తులో డైరెక్టరు నూర్జహాన్ గదికి వెళ్ళి విషయం చెప్పింది.

"ఆ మాట సంతకానికి ముందు చెప్పాలి," అంది నూర్జహాన్ కళ్ళజోడు తీస్తూ.

"ముందు చెబితే పెట్టలేనేమోనని భయమేసింది మేడమ్."

నూర్జహాన్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఇకనుంచి ఆ ఫైలు జోసెఫ్‌ది. నువ్వు తాకకూడదు. సెలవు పెట్టి ఏ ఊరు వెళ్తావో, అక్కడ ఏం చేస్తావో మాత్రం నేను అడగను."

*

సత్యవేణికి అరవై ఎనిమిదేళ్ళు. వకుళ వెళ్ళేసరికి కళ్ళంలో నిలబడి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, సగ్గుబియ్యాన్ని కాలితో దువ్వుతోంది. మనిషిని చూడగానే, "ఏవే, చిక్కిపోయావు. ఆ కొండ మీద తిండి పెట్టరేటి?" అంది.

తిన్నాక చెబుదామనుకుంది వకుళ. అత్త పెట్టిన పులుసు, వేయించిన సగ్గుబియ్యం వడియాలు ముందున్నాయి. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెప్పేసింది.

సత్యవేణి గరిటె చేత్తో పట్టుకుని విన్నది. పెనాల దగ్గరనుంచి సూరీడమ్మ, మరియమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇద్దరూ ముప్పై ఏళ్ళనుంచి ఆ మిల్లులోనే ఉన్నారు.

"అంటే నా గుంట కంపు ఆకాశానికి కొట్టిందన్నమాట," అంది సత్యవేణి చివరికి. గొంతులో కాస్త గొప్ప కూడా వినిపించింది.

"అత్తా, నవ్వులాట కాదు. ఇరవై రెండు రోజుల్లో ఆగకపోతే కరెంటు తీసేస్తారు."

"నోటీసు మీద సంతకం ఎవరిదే?"

"నాది."

గుమ్మంలో సూరీడమ్మ చెంపలు నొక్కుకుంది. సత్యవేణి గరిటె గిన్నెలో పెట్టింది.

"చదివించినందుకు మంచి పనే చేశావు," అంది. వకుళ తలెత్తలేదు. ఆవిడ మళ్ళీ అంది, "తలొంచుకుంటావేటే? ఎవడో ముక్కూ మొహం తెలీనోడు పెట్టి ఉంటే ఆడి కాళ్ళు పట్టుకోవాల్సొచ్చేది. నువ్వు పెట్టావు గాబట్టి నీ జుట్టు పట్టుకుంటాను. ఏం చెయ్యాలో చెప్పు. ముందా ముద్ద మింగు."

చెయ్యాల్సింది ఒకటే. గుంటని గాలి చొరబడకుండా మూసేయాలి. కింద పుట్టే గ్యాసుని గొట్టంలో పట్టుకుంటే, పెనాల కింద కట్టెలకి బదులు దాన్నే మండించుకోవచ్చు. అలా మూసే పెద్ద రబ్బరు దుప్పట్లు తయారుచేసే కంపెనీలున్నాయి. వకుళ దారి పొడవునా ఫోన్లు చేస్తూనే వచ్చింది. తొందరగా అంటే మూడు నెలలన్నారు.

"మూడు నెల్లకి మిల్లులో ఎలకలు కాపరం పెడతాయి," అంది మరియమ్మ.

సత్యవేణి పైకి చూసింది. వంటింటి రేకుల కింద, వానకి కారకుండా కట్టిన పాత ఫ్లెక్సీ ఒకటుంది. ఏళ్ళనాటిది. అందులో ఎవరో పెళ్ళికొడుకు సగం మొహంతో నవ్వుతున్నాడు.

"అది వానని ఆపుద్ది. గాలిని ఆపదా?"

వకుళ కుర్చీ ఎక్కి ఫ్లెక్సీని వేళ్ళతో నలిపి చూసింది. లోపల దారాల వల, రెండువైపులా దళసరి ప్లాస్టిక్ పూత. "ఆపుతుంది," అంది నెమ్మదిగా. "అంచులు సరిగ్గా అతికితే ఆపుతుంది. కానీ గుంట తొంభై అడుగుల పొడవు అత్తా. అన్ని ఫ్లెక్సీలు ఇప్పుడెక్కడున్నాయి? అచ్చెయ్యడం మానేసి పదిహేనేళ్ళయింది."

ఆ ముగ్గురాడవాళ్ళూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

"ఓసి పిచ్చిదానా, అచ్చెయ్యడం మానేశారు. దాచుకోడం మేమెప్పుడు మానేశాం?"

*

ఈ మాట నిజమని తర్వాతి వారం రుజువైంది. ఇప్పుడు కూడళ్ళలో అన్నీ వెలిగే తెరలే. పెళ్ళయినా, పుట్టినరోజైనా ఒక పూట వెలిగి ఆరిపోతాయి. కానీ పాత ఫ్లెక్సీ పారేసిన ఇల్లు ఆ చుట్టుపక్కల ఒక్కటీ లేదు. అటకల మీద, మంచాల కింద, గడ్డివాముల మీద, కోళ్ళగూళ్ళ మీద, మడతలు పెట్టి, చుట్టలు చుట్టి ఉన్నాయి. నలభై రెండు మందీ ఇళ్ళకి వెళ్ళి తలా ఒకటీ రెండూ నెత్తిన పెట్టుకుని వచ్చారు. కళ్ళంలో సగ్గుబియ్యం ఎండే చోట మనుషులు పరుచుకున్నారు.

షష్టిపూర్తి దంపతులు. కొత్త షోరూము ప్రారంభోత్సవం. కబడ్డీ పోటీల విజేతలు. క్రిస్మస్ శుభాకాంక్షలతో మరియమ్మ వాళ్ళ పాస్టరు గారు. సూరీడమ్మ తెచ్చిన దాంట్లో ఆవిడ భర్త దండం పెట్టి నిలబడ్డాడు, ఆయన వెనకాల ఉదయించే సూర్యుడు. వార్డు మెంబరుగా నిలబడి పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

"మా ఇంట్లోనే పద్నాలుగు ఓట్లున్నాయి," అంది సూరీడమ్మ. "ఎలా ఓడాడో ఇప్పటికీ ఆయనకి తెలీదు."

"నీకు తెలుసా?"

"నాకెందుకు తెలీదు!"

కళ్ళం అంతా గొల్లుమంది.

సత్యవేణి తన ఇనప్పెట్టె అడుగునుంచి రెండు తెచ్చింది. మొదటిది విప్పగానే వకుళ రెండు చేతులతో మొహం కప్పుకుంది. పన్నెండేళ్ళ వకుళ, ఓణీల ఫంక్షను. గులాబీరంగు పట్టు, ఒంటినిండా నగలు. వెనకాల మంచుకొండలు, నెమళ్ళు, ఎందుకో ఒక విమానం. ఎండ కళ్ళలో పడి చిట్లించిన మొహం.

"ఆ విమానం ఎవరు పెట్టమన్నారత్తా?"

"మీ మావయ్య. పిల్ల పైకి పోవాలని ఫోటో షాపాడితో చెప్పి పెట్టించాడు."

రెండోది ఆ మావయ్యదే. వీర్రాజు మొదటి వర్ధంతికి వేయించింది. ఆయనకి ఫోటో తీస్తుంటే కళ్ళు మూసుకునే అలవాటు. పెళ్ళి ఫోటోలో మూసుకున్నాడు, ఆధారు కార్డు తీయించుకోవడానికి నాలుగుసార్లు వెళ్ళాడు. ఆయన కళ్ళు తెరుచుకుని దిగిన ఫోటో లోకం మొత్తం మీద ఇదొక్కటే. సత్యవేణి దాన్ని పరిచి, అరచేత్తో మడతలు సవరించి, లేచి నిలబడింది.

"ఇది కూడానా అత్తా? ఉంచుకోవచ్చుగా."

"మిల్లు పెట్టింది ఆయన. మిల్లు పోతుంటే పెట్లో పడుకుంటాడా?"

పెద్దాపురంలో ఒకప్పుడు ఫ్లెక్సీలు అచ్చేసిన షాపాయన పాతసామాన్లలోంచి అతికే మిషను తీసి, తుడిచి, తానే మోసుకొచ్చాడు. వేడిగాలితో అంచుల్ని కరిగించి ఒకదానికొకటి నొక్కుతుంది అది. ఎనభై ఆరు ఫ్లెక్సీలు. అన్నేళ్ళ తర్వాత పని దొరికినందుకు ఆయన ఈల వేస్తూ అతికాడు. అంచు సరిగ్గా అంటుకుందో లేదో మరియమ్మ సబ్బునీళ్ళు రాసి చూసేది. బుడగ వస్తే మళ్ళీ అతకాలి. ఆరు రోజులు పట్టింది.

పరిచే రోజు గొడవ వచ్చింది.

"బొమ్మలు కిందికి, తెల్లవైపు పైకి పెట్టండి," అంది వకుళ. "తెలుపైతే ఎండకి అంత వేడెక్కదు."

ఎవరూ కదల్లేదు.

"చచ్చిపోయినోళ్ళ మొహాలు మురుక్కేసి పెడతామా?" అంది సూరీడమ్మ. ఆమె మొగుడు బతికే ఉన్నాడు, గట్టు మీద బీడీ కాలుస్తున్నాడు. అయినా ఆ మాట అందరికీ నచ్చింది.

"అత్తా, నువ్వైనా చెప్పు."

సత్యవేణి భర్త మొహం వంక చూసింది, గుంట వంక చూసింది. "మొహాలు పైకే," అంది. "ఆళ్ళ మీద ఎండ పడితే పడనీ. బతికున్నప్పుడు నీడనెక్కడ కూచున్నారు?"

గుంట చుట్టూ కందకం తవ్వి, అంచులు అందులో దింపి, బంకమట్టితో కప్పి నీళ్ళు పోశారు. ఒక మూల గొట్టం పెట్టారు. మంట వెనక్కి పాకకుండా ఆ గొట్టాన్ని నీళ్ళ డ్రమ్ములోంచి పోనిచ్చి, వకుళ మూడుసార్లు సరిచూసింది. నాలుగో రోజుకి ఫ్లెక్సీలు పొంగడం మొదలుపెట్టాయి. ఆరో రోజుకి ఎనభై ఆరు కుటుంబాలు గుంట మీద పూరీలా లేచి నిలబడ్డాయి.

మొదటి పెనం కింద అగ్గిపుల్ల గీసింది సత్యవేణే. భుగ్గుమంటుందని అందరూ వెనక్కి తగ్గారు. అదేమీ లేదు. నీలంగా, పొగ లేకుండా, బుద్ధిగా వెలిగింది. మరియమ్మ పెనం మీద సగ్గుబియ్యం పోసి తిప్పింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆవిడ కళ్ళు తుడుచుకోకుండా వేయించింది.

"పొగ లేపోతే వంట చేసినట్టే లేదు," అని సణిగింది. ఆ సాయంత్రం ఆవిడే అందరికన్నా గట్టిగా పాడింది.

*

ఇరవై రెండో రోజున ముక్కుపుడక పెద్దాపురం మీదుగా వెళ్ళింది. వకుళ కేంద్రంలో తన కుర్చీలోనే ఉంది. జోసెఫ్ తెర వైపు చూడకూడదని గట్టిగా అనుకుంది. ఇంటినుంచి తెచ్చిన పాయసం డబ్బా బల్ల మీద ఉంది, మంచి కబురు రాగానే అందరికీ పంచుదామని.

జోసెఫ్ కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది.

"వకుళ గారూ," అన్నాడు. "ఒకసారి చూస్తారా? తాకకండి. చూడండి."

తెర నిండా ఎరుపు. కిందటిసారి గోరంత ఉన్న మరక ఇప్పుడు అరచేయంత ఉంది. పక్కన అంకె ఏడింతలు. రెండు రోజుల గడువు అప్పుడే మొదలైపోయి, మూలన గంటలు తగ్గుతున్నాయి.

కప్పు చిరిగిందా? అంత గ్యాసు ఒక్కసారిగా వదిలిందా? వకుళ అత్తకి ఫోను చేసింది.

"చిరగడమేటే?" అంది సత్యవేణి అవతలినుంచి. "పొంగి ఉంది. పొయ్యిలన్నీ వెలుగుతున్నాయి. ఏం, పాసయ్యామా?"

"మళ్ళీ చేస్తానత్తా," అని పెట్టేసింది.

కూర్చుంది. మిగతా వాళ్ళు చుట్టూ చేరి ఏదో అంటున్నారు. ఆమె ఆ ఎరుపునే చూస్తోంది. ఎక్కడో చూసినట్టుంది దాన్ని. అంతా ఒకే ఎరుపు కాదు. ముదురు, లేత, ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్కకీ తిన్నటి అంచు. చిన్నప్పుడు చలికాలం కప్పుకున్న బొంత ఇలాగే ఉండేది, అత్త పాత చీరలన్నీ పక్కపక్కన చేర్చి కుట్టినది.

"జోసెఫ్ గారూ, దీనికి తోక ఏది?"

"ఆ?"

"ఈ పూట గాలి బాగానే ఉంది. తోక లేదు. మూలలున్నాయి, చూడండి. నాలుగు మూలలు. గ్యాసుకి మూలలుంటాయా?"

జోసెఫ్ తెర మీది బొమ్మల్ని మొదటికి తిప్పాడు. ముక్కుపుడక ఒక చోటి మీదుగా వెళ్ళేటప్పుడు నిమిషంన్నర పాటు ఆపకుండా చూస్తుంది. ఆ నిమిషంన్నర మొత్తం మళ్ళీ ఆడించాడు. గాలికి పక్క పొలాల ధూళి కదిలింది, ఎర్ర బొంత వెంట్రుకవాసి కదల్లేదు.

వకుళ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. తప్పు తనది. వెలుతురు తగ్గితే గ్యాసు అని కదా ముక్కుపుడక లెక్క. పాత ఫ్లెక్సీలోని ప్లాస్టికూ రంగులూ కూడా సరిగ్గా అదే వన్నెని మింగుతాయి. పదేళ్ళనుంచి ఈ పనిలో ఉండి ఆ మాట తనకి తట్టలేదు. అంచులు అతికారా లేదా అనే గొడవలో పడి, పైనుంచి ఎలా కనిపిస్తుందన్నదే మర్చిపోయింది.

నూర్జహాన్ గదిలో ముగ్గురూ నిలబడ్డారు. ఆవిడ అంతా విని, "మూలలున్నాయంటే నేను నమ్ముతాను. చట్టం నమ్మదు. అక్కడ ఉన్నది ప్లాస్టికే అని రుజువేది? మామూలు ఫోటో తియ్యి," అంది.

ఉపగ్రహానికి మామూలు కెమెరా కూడా ఉంది, ఎవరూ దాని మొహం చూడరు. జోసెఫ్ ఆ ఫోటో తెరిచి పెద్దది చేశాడు. కాలవ వచ్చింది. కళ్ళం వచ్చింది. గుంట వచ్చింది.

ముగ్గురూ తెర మీదికి వంగారు.

గుంట నిండా మనుషులు. ఆకాశంలోకి చూస్తున్నారు. దండాలు పెడుతున్నారు, నవ్వుతున్నారు, కప్పులు ఎత్తి పట్టుకున్నారు. పాస్టరు గారు దీవిస్తున్నారు. మంచుకొండల ముందు ఒక పిల్ల కళ్ళు చిట్లించి, సరిగ్గా కెమెరాలోకే చూస్తోంది.

"ఈ మీసాలాయన ఎవరు?" అంది నూర్జహాన్, గొంతు అదుపులో పెట్టుకుంటూ.

"సూరీడమ్మ భర్త మేడమ్. పదకొండు ఓట్లతో ఓడిపోయాడు."

"ఈ పిల్ల?"

వకుళ మొహం పక్కకి తిప్పుకుంది. జోసెఫ్ ఫోటోనీ ఆమెనీ మార్చి మార్చి చూసి, "విమానం బాగుందండీ," అన్నాడు. ఇక ఆగలేదు ఎవరూ. పెద్దావిడ నూర్జహాన్ కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది. బొమ్మలు కిందికి పెట్టి ఉంటే ఇదంతా వట్టి తెల్లటి మచ్చగా కనిపించేది.

నవ్వు తగ్గాక ఆవిడ లేచింది. "నవ్వు రుజువు కాదు. గ్యాసు కొలిచే చేతి మిషను తీసుకో జోసెఫ్. పొద్దున్నే బయల్దేరదాం. వకుళా, నువ్వు రావచ్చు. మిషను మాత్రం ముట్టుకోకు."

*

మర్నాడు మిల్లు వాకిట్లో సత్యవేణి పాయసం గ్లాసుతో ఎదురొచ్చింది.

"కొలిచాకే తాగుతానండీ," అంది నూర్జహాన్.

"చల్లారిపోద్దమ్మా."

"చల్లారనివ్వండి."

నలభై రెండు మందీ గట్టు మీద వరుసగా నిలబడ్డారు. పెనాలు ఆపేశారు. గడువుకి ఇంకా ఒక పగలు, ఒక రాత్రి ఉంది. నూర్జహాన్, జోసెఫ్ టార్చిలైటంత మిషను పట్టుకుని గుంట చుట్టూ అడుగు అడుగునా నడిచారు. ఒక పక్క అయింది, చప్పుడు లేదు. రెండో పక్క అయింది. మూడో పక్క మధ్యలో మిషను కీచుమంది.

సూరీడమ్మ గట్టు మీంచి దిగి, కొంగు నడుముకి చుట్టి, కప్పు అంచున వంగి చూసింది. ఆమె మొగుడి ఫ్లెక్సీయే. పెదాల దగ్గర, అతుకు పక్కన, గోరంత చీలిక.

"ఈయన నోరు ఏనాడు మూతపడింది గనక!" అంటూ గుప్పెడు బంకమట్టి తీసి ఆయన మూతి మీద ఫట్టున కొట్టింది.

గట్టు మీద ఆ మొగుడితో సహా అంతా నవ్వారు. మట్టి మీద జోసెఫ్ అతుకుముక్క వేసి నొక్కాడు. మిషను నోరు మూసుకుంది. నాలుగో పక్క కూడా నిశ్శబ్దంగానే గడిచింది. నూర్జహాన్ కాగితం మీద సున్నా వేసి, సంతకం పెట్టి, అక్కడికక్కడే ఫోన్లో పంపింది. తర్వాత చెయ్యి చాచింది.

"ఇప్పుడివ్వండి పాయసం."

*

కేంద్రానికి తిరిగి వచ్చాక వకుళ చేసిన మొదటి పని పాత నోటీసులన్నీ తీయడం. రెండువందల పదకొండు మరకలు. జోసెఫ్, ఆమె కలిసి ఒక్కొక్కదాంట్లో తోక కోసం వెతికారు. తోక లేనివి, మూలలున్నవి మూడు దొరికాయి. రెండింటికి ఇంకా గడువు ఉంది. మూడోది తాడేపల్లిగూడెం అవతల ఒక డెయిరీ. పచ్చిగడ్డి పాతర మీద కప్పిన ప్లాస్టిక్ పట్టాని ముక్కుపుడక గ్యాసు అనుకుంది. ఎండాకాలంలో కరెంటు పోయింది.

వకుళే ఫోను చేసింది. తన పేరు చెప్పి, పొరపాటు తమదేనని, సంతకం తనదేనని చెప్పింది.

"పన్నెండు గేదెల్ని అమ్ముకున్నానండి," అంది డెయిరీ నడిపే ఆడమనిషి. "పేర్లు పెట్టుకుని పెంచుకున్నవి."

వకుళ ఆ పన్నెండు పేర్లూ ఆవిడ చెబుతుంటే విని, ఒక కాగితం మీద రాసుకుంది.

"సరే, కరెంటు ఎప్పుడిత్తారు?" అంది ఆవిడ ఆఖరికి, ముక్కు చీది.

"ఈ సాయంత్రమే అమ్మా."

ఇచ్చారు. ఆ డెయిరీకి పరిహారం ఇచ్చే ఉత్తర్వు మీద కూడా వకుళ సంతకం చేసింది. గేదెల పేర్ల కాగితం ఇప్పటికీ ఆమె తెర పక్కన అంటించి ఉంది. కొత్త నోటీసు ఏది వచ్చినా, సంతకం పెట్టే ముందు ఎవరో ఒకరు ఆ ఊరు వెళ్ళి మనుషుల్ని చూసి రావాలని నూర్జహాన్ రూలు మార్చింది.

ముక్కుపుడకలకి ప్లాస్టిక్ అంటే ఏమిటో నేర్పించాల్సి వచ్చింది. దానికి ఎప్పుడూ కదలని, కొలతలు తెలిసిన ప్లాస్టిక్ నేల ఒకటి కావాలి. అది ఎక్కడుందో కేంద్రంలో ఎవరూ ఎక్కువసేపు ఆలోచించలేదు. తొమ్మిది ఉపగ్రహాలూ ఇప్పుడు పెద్దాపురం వైపు వచ్చిన ప్రతిసారీ ముందు సత్యవేణి గుంట మీది మొహాల్ని చూసి, తమ చూపు సరిచేసుకుని, తర్వాతే ముందుకి వెళ్తాయి.

అయితే మీద దుమ్ము ఉంటే లెక్క తప్పుతుంది. కాబట్టి ముక్కుపుడక వచ్చే రోజు పొద్దున్నే తుడిచి ఉంచాలని జోసెఫ్ ఉత్తరం రాశాడు. ఆ మాట అక్కడ మరోలా అర్థమైంది. ఫోటో దిగే రోజు మొహం కడుక్కోకుండా ఎవరుంటారు? నలభై రెండు మందీ తలంటుకుని వచ్చారు. పొడుగాటి వెదురుగడలకి గుడ్డలు కట్టి, గట్టు మీంచే ఎవరి వాళ్ళని వాళ్ళు తుడుచుకున్నారు. మరియమ్మ పాస్టరు గారి కళ్ళజోడు తళతళలాడించింది. సెలవు పెట్టి వచ్చిన వకుళ చేతికి అత్త ఒక గడ ఇచ్చి, "నీ మొహం నువ్వే తుడుచుకో," అంది. నలభై నాలుగేళ్ళ వకుళ పన్నెండేళ్ళ వకుళ బుగ్గ మీది కాకిరెట్టని తుడిచింది.

పదీ నలభైకి అందరూ గట్టు మీద వరుసగా నిలబడి పైకి చూశారు. ఆకాశంలో ఏమీ కనపడలేదు. అయినా సూరీడమ్మ చెయ్యి ఊపింది.

మర్నాడు వకుళ ఫోను మోగింది.

"పడ్డామా?" అంది సత్యవేణి.

ఫోటో వకుళ ముందే ఉంది. కడిగిన మొహాలు మెరుస్తున్నాయి. గట్టు మీద రంగు రంగుల చుక్కలు వరుసగా ఉన్నాయి, అందులో ఒక చుక్క తనది. పక్కన అంకె సున్నా.

"అందరూ పడ్డారత్తా. భలేగా ఉన్నారు."

"మీ మావయ్య?"

వకుళ దగ్గరగా చూసింది. ఆ పొద్దున గ్యాసు బాగా పొంగినట్టుంది. వీర్రాజు నుదురు ఉబ్బి, సరిగ్గా కళ్ళ మీద మడత పడింది.

"అత్తా," అంది నవ్వు ఆపుకుంటూ, "మావయ్య కళ్ళు మూసుకున్నాడు."

అవతల సత్యవేణి నవ్వింది, మిల్లంతా వినబడేటట్టు.

"ఆకాశంలోంచి తీసినా అంతేనన్నమాట!" అంది. కొంచెం ఆగి, గొంతు సవరించుకుంది. "మళ్ళీ ఎప్పుడొత్తదే అది?"

"ఇరవై రెండు రోజులకి."

"అయితే ఇంకోటి తియ్యమను."